మత్తు సూదిలో మందుతోపాటు ఇంకేం ఉంటాయి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర పంటి క్లినిక్‌లో చిగుళ్లకు వేసే సూది, మహబూబ్‌నగర్ ఆసుపత్రిలో సిజేరియన్‌కు ముందు నడుములో ఇచ్చే సూది, పొలంలో తేలు కుట్టి పీహెచ్‌సీకి వచ్చినవాళ్లకు కుట్టినచోట ఇచ్చే సూది. మూడింటినీ మనం మత్తు సూది అనే అంటాం. మూడూ ఒకే కుటుంబం మందులే. కానీ ఒకదానికి వాడాల్సిన సీసా ఇంకోదానికి వాడితే ప్రాణం మీదికి రావచ్చు. చాలాసార్లు తేడా అసలు మందులో ఉండదు, ఆ సీసాలో దానితోపాటు కలిపిన పదార్థాల్లో ఉంటుంది. ఈ జిల్లాల్లో మత్తు డాక్టర్‌గా పనిచేస్తూ పేషెంట్ల నుంచి, వాళ్ల ఇంటివాళ్ల నుంచి నేను రోజూ వినే ప్రశ్నల్లో సగం ఇక్కడికే వచ్చి ఆగుతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ మందు చేసే పని చూద్దాం. నొప్పి కబురు నరం వెంట పోవాలంటే నరం పొరలో ఉండే సన్నని దారుల గుండా సోడియం లోపలికి రావాలి. లిగ్నోకెయిన్ లాంటి మందులు ఆ దారిని మూసేస్తాయి. అదీ బయటి నుంచి కాదు, లోపలివైపు నుంచి. కాబట్టి మందు మొదట నరం చుట్టూ ఉన్న కొవ్వు పొర దాటాలి. విద్యుదావేశం లేని అణువులే ఆ పొర దాటగలవు. ఒంట్లో మామూలుగా ఉండే 7.4 పీహెచ్ దగ్గర లిగ్నోకెయిన్‌లో దాదాపు నాలుగో వంతు మాత్రమే అలా ఉంటుంది. చీము పట్టినచోట ఆమ్లగుణం పెరుగుతుంది. అక్కడ పీహెచ్ 6.9కి దిగితే పొర దాటగలిగేది నూటికి 9 పాళ్లే. దవడ వాచి చీము పట్టేదాకా ఆగి, అప్పుడు పన్ను పీకించుకోవడానికి పోయినవాళ్లు "సూది వేసినా తిమ్మిరి ఎక్కలేదు" అనడానికి పెద్ద కారణం ఇదే. డాక్టర్‌కు చేతకాక కాదు, మందు నకిలీదీ కాదు. అలాంటప్పుడు చీము ఉన్నచోట కాకుండా, ఆ నరం ఎక్కడి నుంచి వస్తుందో అక్కడ సూది వేస్తారు. లేదంటే ముందు చీము తీసేసి, వాపు తగ్గాక రమ్మంటారు. రమ్మన్న రోజుకు పోవడం మంచిది.

రెండు ముఖ్యమైన మందులు

ఈ మందుల కథ కొకెయిన్‌తో మొదలైంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టర్ కంట్లో కొకెయిన్ చుక్కలు వేసి, మనిషి మెలకువగా ఉండగానే కంటికి ఆపరేషన్ చేయవచ్చని చూపించాడు. దానికి అలవాటు పడే గుణం, గుండెకు చేసే హాని తెలిశాక 1905 ప్రాంతంలో ప్రొకెయిన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్ తయారుచేశాడు. మన దగ్గర ఏ మెడికల్ షాపులో అడిగినా జైలోకెయిన్ అని చెప్పేది దీన్నే. ప్రొకెయిన్ రకం మందులను ఈస్టర్లు అంటారు. అవి రక్తంలోనే విరిగిపోతాయి, అలర్జీలు ఎక్కువ. లిగ్నోకెయిన్, బుపివకెయిన్, రోపివకెయిన్ అమైడ్లు. వీటిని కాలేయం విరగ్గొట్టాలి కాబట్టి కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తాం. అసలైన అలర్జీ వీటిలో చాలా అరుదు.

లిగ్నోకెయిన్ తొందరగా పనిచేస్తుంది, తొందరగా దిగిపోతుంది. చర్మం కింద వేస్తే నాలుగైదు నిమిషాల్లో తిమ్మిరి వస్తుంది, సుమారు గంట ఉంటుంది. బుపివకెయిన్‌కు టైం పడుతుంది. చేతికో కాలికో పోయే పెద్ద నరం దగ్గర ఇస్తే పావుగంట నుంచి అరగంట ఆగాలి. కానీ గంటల తరబడి నిలుస్తుంది, ఎందుకంటే అది ప్రొటీన్లను గట్టిగా పట్టుకుంటుంది. రక్తంలో లిగ్నోకెయిన్ 65 శాతం దాకా ప్రొటీన్లకు అంటుకుంటే, బుపివకెయిన్ 95 శాతం దాకా అంటుకుంటుంది. ఆ పట్టే దాని బలం, ఆ పట్టే దాని ప్రమాదం కూడా. పొరపాటున రక్తనాళంలోకి పోతే గుండె కండరాన్ని కూడా అలాగే పట్టుకుని వదలదు. అమెరికాలో కాన్పుల్లో 0.75 శాతం బుపివకెయిన్ వాడినప్పుడు కొందరి గుండె ఆగిపోయి, మళ్లీ కొట్టించడం కష్టమైంది. 1984లో అక్కడ కాన్పులకు ఆ గాఢతను ఆపేశారు. తర్వాత వచ్చిన రోపివకెయిన్, లెవోబుపివకెయిన్ గుండె మీద కొంచెం దయ చూపిస్తాయి. ఖరీదు ఎక్కువ. నరాల దగ్గర ఎక్కువ మి.లీ. ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆ ఖర్చు పెట్టడం సబబే అని నా అభిప్రాయం.

రెండు మందులూ కలిపి ఇస్తే తొందరగా ఎక్కి ఎక్కువసేపు ఉంటుందని చాలామంది నమ్మకం, మా డాక్టర్లలో కూడా. లెక్క వేసి చూడండి. 2 శాతం లిగ్నోకెయిన్ 5 మి.లీ., 0.5 శాతం బుపివకెయిన్ 5 మి.లీ. కలిపితే వచ్చేది 1 శాతం లిగ్నోకెయిన్, 0.25 శాతం బుపివకెయిన్. రెండూ పలచబడ్డాయి. విషప్రభావం మాత్రం రెండింటిదీ కలిసి వస్తుంది.

ఇక మోతాదు. 2 శాతం అంటే ఒక మి.లీ.లో 20 మి.గ్రా. మందు. మన దగ్గర ఎక్కువగా కనిపించే 30 మి.లీ. లిగ్నోకెయిన్ వయల్‌లో మొత్తం 600 మి.గ్రా. ఉంటుంది. ఏమీ కలపని లిగ్నోకెయిన్‌కు సాధారణంగా చెప్పే హద్దు కిలో బరువుకు 4.5 మి.గ్రా. 60 కిలోల మగమనిషికి 270 మి.గ్రా., అంటే పదమూడున్నర మి.లీ. 45 కిలోల కూలీ తల్లికి సుమారు 10 మి.లీ. మరి పది కిలోల పిల్లాడికి? 45 మి.గ్రా., అంటే రెండు మి.లీ.ల చిల్లర. నుదురు పగిలిన చిన్నపిల్లలకు కుట్లు వేసేటప్పుడు ఈ లెక్క తప్పితే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలకు ఎన్ని మి.లీ. ఇస్తున్నారని తల్లిదండ్రులు అడగవచ్చు. అడిగితే ఏ డాక్టరూ కోప్పడకూడదు.

అడ్రినలిన్

కలిపే వాటిలో పెద్దది ఇదే. 1903లో హైన్‌రిష్ బ్రౌన్ అనే జర్మన్ సర్జన్ తిమ్మిరి మందులో అడ్రినలిన్ కలపడం మొదలుపెట్టాడు. అది చుట్టుపక్కల రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మందు కొట్టుకుపోకుండా అక్కడే నిలుస్తుంది. గంట ఉండే లిగ్నోకెయిన్ రెండు మూడు గంటలు పనిచేస్తుంది, రక్తస్రావం తగ్గుతుంది, రక్తంలోకి ఒక్కసారిగా పోయే మందు తగ్గుతుంది. అందుకే అడ్రినలిన్ ఉన్నప్పుడు మోతాదు హద్దు కిలోకు 7 మి.గ్రా. దాకా పెరుగుతుంది.

లేబుల్ మీద 1:2,00,000 అనీ, పంటి డాక్టర్ల సీసా మీద 1:80,000 అనీ ఉంటుంది. అది అడ్రినలిన్ ఎంత పలచగా ఉందో చెప్పే లెక్క, రెండో అంకె పెద్దదైతే అంత పలచన. 1:2,00,000లో ఒక మి.లీ.కు 5 మైక్రోగ్రాములు, 1:80,000లో 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఒక్కసారికి 40 మైక్రోగ్రాములు దాటొద్దని పంటి డాక్టర్లకు నేర్పుతారు. అంటే 1:80,000 మందు సుమారు 3 మి.లీ. బీపీ ఉందనగానే అడ్రినలిన్ అసలే వద్దని పట్టుబట్టే ఇంటివాళ్లు ఉంటారు. ఏమీ కలపని మందు సరిగ్గా నిలవక మధ్యలో నొప్పి తెలిస్తే, ఆ నొప్పికి, భయానికి ఒళ్లే విడుదల చేసే అడ్రినలిన్ సీసాలో ఉన్నదానికంటే ఎక్కువ కావచ్చు. కంట్రోల్‌లో ఉన్న బీపీకి, తక్కువ మోతాదులో, నెమ్మదిగా ఇచ్చే అడ్రినలిన్ మందే చాలాసార్లు మేలు. బీపీకి, గుండె దడకు ఇచ్చే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే మాత్రం తప్పకుండా ముందే చెప్పాలి. ఆ మాత్రల మీద అడ్రినలిన్ పడితే బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు.

"నాకు మత్తు సూది పడదు సార్" అనేవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే: సూది వేయగానే గుండె దడ, చేతులు వణకడం, చెమటలు. అది అడ్రినలిన్ పని, లేదా భయంతో కళ్లు తిరగడం. అలర్జీ అంటే ఒంటి మీద దద్దుర్లు, పెదాలు, కళ్లు వాయడం, పిల్లికూతలతో ఆయాసం. ఈ రెండింటికీ తేడా చూడకుండా చీటీ మీద 'మత్తుమందు అలర్జీ' అని రాసేస్తే ఆ మాట జీవితాంతం వెంట వస్తుంది. రేపు అలా రాయించుకున్న అమ్మాయికి సిజేరియన్ అవసరమైతే నడుములో సూది ఇవ్వడానికి డాక్టర్ జంకుతాడు, అవసరం లేకపోయినా పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి పడలేదు అని ఊరుకోకుండా ఆ రోజు ఏం జరిగిందో, ఎంతసేపటికి తగ్గిందో చెప్పండి. అలర్జీ ఎప్పుడూ రానివాళ్లకు అలవాటుగా చేతి మీద వేసే టెస్ట్ డోస్ చెప్పేది చాలా తక్కువ. అది బాగుందని ధీమాగా ఉండటమూ తప్పే.

వేలికి, ముక్కు కొసకు అడ్రినలిన్ మందు ఇస్తే రక్తం ఆగి కుళ్లిపోతుందని మేమంతా చదువుకున్నాం. కెనడాలో చేతి సర్జన్లు మూడు వేలకు పైగా కేసుల్లో పలచని అడ్రినలిన్ మందును వేళ్లకూ చేతులకూ వాడి చూశారు, ఒక్క వేలూ పోలేదు. ఆ భయం చాలావరకు పాత మందుల కాలం నాటిది. అయినా ఏళ్ల తరబడి షుగర్ ఉండి, కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్ల వేళ్లకు నేను ఏమీ కలపని మందునే అడుగుతాను.

అడ్రినలిన్ ఎంతమాత్రం ఉండకూడని సందర్భం మన పొలాల్లోనే ఉంది. పాలమూరు, దేవరకొండ వైపు రాళ్ల నేలల్లో తేలు కాటు మామూలు. ఎర్ర తేలు విషం ఒంట్లోని అడ్రినలిన్ లాంటి రసాయనాలను వరదలా వదిలేస్తుంది. బీపీ ఎగబాకుతుంది, గుండె దెబ్బతింటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నొప్పికి కుట్టినచోట లిగ్నోకెయిన్ ఇవ్వడం సరైనదే. కానీ అది అడ్రినలిన్ లేని సీసా అయి ఉండాలి. అల్మారాలో పక్కపక్కనే ఉండే రెండు సీసాల్లో ఏది చేతికొచ్చిందో లేబుల్ చదవకుండా తెలియదు. ఇంకో సంగతి: సూదితో నొప్పి పోయింది కదా అని ఇంటికి పోవద్దు. చల్లటి చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం ఉంటే, ముఖ్యంగా పిల్లల్లో, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ దశలో బీపీ తగ్గించే ప్రాజోసిన్ మాత్రతో ప్రాణాలు కాపాడవచ్చని చూపించారు. లిగ్నోకెయిన్ నొప్పికే, విషానికి కాదు.

నడుములో సూది, అందులో చక్కెర

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. అంటే మన ఇళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు ఒంట్లోకి ఎక్కించుకున్న తిమ్మిరి మందు 0.5 శాతం 'హెవీ' బుపివకెయిన్. 4 మి.లీ. చిన్న గాజు యాంపూల్. ప్రతి మి.లీ.లో 5 మి.గ్రా. మందు, 80 మి.గ్రా. డెక్స్ట్రోజ్ అనే చక్కెర. డెక్స్ట్రోజ్ కలపడం వల్ల మందు వెన్ను నీటికంటే (వెన్నులో నరాల చుట్టూ ఉండే నీరు) బరువవుతుంది, మనిషి ఎటు ఒరిగితే అటు కిందికి దిగుతుంది. బల్ల తల వైపు కొంచెం వంచితే మందు పైకి పాకుతుంది, పక్కకు పడుకోబెడితే ఒక కాలే ఎక్కువ తిమ్మిరెక్కుతుంది. సూది వేశాక మేము బల్లను అటూ ఇటూ వంచుతూ, తడి దూదితో పొట్ట మీద ముట్టుకుని "చల్లగా తెలుస్తుందా అమ్మా?" అని అడిగేది మందు ఎక్కడిదాకా ఎక్కిందో చూసుకోవడానికే.

షుగర్ ఉన్నవాళ్లు ఈ డెక్స్ట్రోజ్ మాట విని కంగారు పడతారు. సిజేరియన్‌కు ఇచ్చేది సుమారు 2 మి.లీ. అందులో ఉండేది 160 మి.గ్రా. డెక్స్ట్రోజ్. చాయ్‌లో వేసుకునే ఒక చెంచా చక్కెర 4 గ్రాములు ఉంటుంది. షుగర్ మీద దీని ప్రభావం లెక్కలోకే రాదు. మందు కూడా 10 మి.గ్రా.లే. అదే మందును చెయ్యి నరాలకు ఇవ్వాలంటే వంద మి.గ్రా. దాకా కావాలి. వెన్ను నీటిలో నరాలు ఏ అడ్డూ లేకుండా ఉంటాయి కాబట్టి ఇంత కొద్దిగా చాలు.

ఇందులోనే చాలాసార్లు 10 నుంచి 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ కలుపుతాం. అది నల్లమందు జాతిది, కోత లోపలి లాగుడు, కడుపులో తిప్పడం తెలియకుండా చేస్తుంది. తర్వాత ముక్కు, మొహం దురద పెడితే అది ఫెంటనిల్ వల్లే, అలర్జీ కాదు.

ముందురోజు వార్డులో చూడటానికి పోయినప్పుడు అమ్మాయి తల్లి తప్పకుండా అడుగుతుంది: "సారూ, నడుముల సూది ఇస్తే జన్మంత నడుం నొప్పి ఉంటదంట గదా?" లేదమ్మా, సూది గుచ్చినచోట రెండు మూడు రోజులు నొప్పి ఉంటది, అంతే. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి ఈ సూదితో సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. కడుపుతో ఉన్నప్పుడే నడుము కీళ్లు వదులవుతాయి, ఆ తర్వాత వంగి పిల్లను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం. నడుం నొప్పి అక్కడి నుంచి వస్తుంది. సూది వల్ల నిజంగా రాగలిగేది తలనొప్పి. లేచి కూర్చుంటే వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. సన్న సూదులు వచ్చాక అది బాగా తగ్గింది. ఇరవై నాలుగు గంటలు తలగడ లేకుండా పడుకోబెట్టినంత మాత్రాన ఆ తలనొప్పి రాకుండా ఆగదని ఇప్పటికే తేలింది. అయినా బాలింతలను ఇంకా అలా పడుకోబెడుతూనే ఉన్నారు, వద్దని చెప్పడం మా బాధ్యత.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన కష్టం ఒకటి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్ల వెన్నెముక. పూసల మధ్య మెత్తగా ఉండాల్సిన లిగమెంట్లు సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. తుంటి విరిగి వచ్చిన ముసలాయనను ఒక పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపుకు ముడవమంటే ముడవలేడు. వేలితో తడిమితే పూసల మధ్య సందు దొరకదు. సూది ఎటు పెట్టినా బొక్కే తగులుతుంది. నడిమధ్యన కాకుండా కొంచెం పక్కగా జరిపి, ఏటవాలుగా ప్రయత్నిస్తాం. ఎక్స్‌రే ముందే చూసుకుంటాం, స్కాన్ మెషీన్ ఉంటే దాని సాయం తీసుకుంటాం. మెడ కూడా బిగుసుకుపోయి ఉంటే పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వేయడమూ కష్టమే. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఈ బాధ రాకూడదు. కానీ యాభై దాటినవాళ్ల ఒంట్లో పాత నీళ్లు చేసిన పని అలాగే ఉంది. మత్తు డాక్టర్ చూడటానికి వచ్చినప్పుడు చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారో చెప్పండి.

లేబుల్‌లో చిన్న అక్షరాలు

30 మి.లీ. లిగ్నోకెయిన్ వయల్‌ను చేతిలోకి తీసుకుని లేబుల్ కింది వరస చదివితే మిథైల్ పారాబెన్ అని ఉంటుంది. ఒకే సీసాలో పదిసార్లు సూది గుచ్చి మందు తీస్తారు కాబట్టి క్రిములు పెరగకుండా దాన్ని కలుపుతారు. కుట్లు వేయడానికి ఇది సరిపోతుంది. కానీ ఈ సీసా మందును వెన్నులోకి ఇవ్వకూడదు. వెన్నులోకి పోయేది నిల్వ కోసం ఏదీ కలపని, ఒకసారికే వాడే యాంపూల్ అయి ఉండాలి. అడ్రినలిన్ ఉన్న సీసాలో సోడియం మెటాబైసల్ఫైట్ కూడా ఉంటుంది, అడ్రినలిన్ పాడవకుండా. సల్ఫైట్ పడని ఆస్తమా వాళ్లకు దానివల్ల ఆయాసం రావచ్చు.

కలిపినదే ముద్దాయి అయిన కేసు ఒకటి మా చదువులో అందరూ నేర్చుకుంటారు. 1980ల మొదట్లో ప్రొకెయిన్ రకానికే చెందిన క్లోరోప్రొకెయిన్ పొరపాటున వెన్ను నీటిలోకి పోయిన కొందరికి కాళ్లు చచ్చుబడ్డాయి. మందు మీద అపనమ్మకం పెరిగింది. తర్వాత అనుమానం అందులో నిల్వ కోసం కలిపిన బైసల్ఫైట్ మీదికి, ఆ ద్రావణం ఆమ్లగుణం మీదికి పోయింది. ఇప్పుడు ఏ నిల్వ పదార్థమూ లేని క్లోరోప్రొకెయిన్ చిన్న ఆపరేషన్లకు మళ్లీ వెన్నులోనే ఇస్తున్నారు, పొద్దున చేయించుకుని సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్ల కోసం.

మిగతావాటి గురించి క్లుప్తంగా. కంటి శుక్లం ఆపరేషన్‌కు కంటి పక్కన సూది ఇస్తే అందులో హయాలురోనిడేజ్ అనే ఎంజైమ్ కలుపుతారు, మందు తొందరగా పరుచుకోవడానికి. ఇప్పుడు చాలామందికి చుక్కలతోనే సరిపోతోంది. చెయ్యి విరిగినప్పుడు మెడ పక్కన నరాలకు ఇచ్చే తిమ్మిరి సూదిలో (దీన్నే బ్లాక్ అంటాం) డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపితే తిమ్మిరి మరికొన్ని గంటలు నిలుస్తుంది. అదే డెక్సామెథాసోన్ నరం దగ్గర కాకుండా రక్తనాళంలో ఇచ్చినా ఫలితం దాదాపు అంతే అని తేలింది కాబట్టి నేను రక్తనాళంలోనే ఇస్తాను. షుగర్ ఉన్నవాళ్లకు మర్నాడు షుగర్ పెరగవచ్చని చెప్పి ఇస్తాను. డెక్స్‌మెడిటోమిడిన్, క్లోనిడిన్ కూడా కలుపుతారు. అవి తిమ్మిరిని పొడిగిస్తాయి, గుండె వేగాన్ని, బీపీని తగ్గిస్తాయి.

చవకైనదీ, మన దగ్గర అందరూ మరిచిపోయేదీ సోడియం బైకార్బొనేట్. లిగ్నోకెయిన్ సూది మంట పుట్టించేది చాలావరకు అందులోని ఆమ్లగుణం వల్ల, అడ్రినలిన్ ఉంటే మరింత. 10 మి.లీ. లిగ్నోకెయిన్‌లో 1 మి.లీ. బైకార్బొనేట్ అప్పటికప్పుడు కలిపి వెంటనే వాడితే మంట బాగా తగ్గుతుంది. బుపివకెయిన్‌లో అంత కలిపితే తెల్లగా విరిగిపోతుంది, అక్కడ వద్దు. క్యాజువాలిటీలో ఏడ్చే పిల్లలకు కుట్లు వేసేచోట ఈ ఒక్క మి.లీ. ఎంత తేడా చేస్తుందో చూసినవాళ్లు మళ్లీ అది లేకుండా వేయరు.

మందు ఎక్కువైతే

నాలుక, పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గుయ్యిమనడం, మాట తడబడటం. సూది వేస్తుండగా వీటిలో ఏది తెలిసినా వెంటనే గట్టిగా చెప్పండి, మొహమాటం వద్దు. ఆ తర్వాత వచ్చేవి ఫిట్స్, ఆపైన గుండె లయ తప్పడం. అందుకే సూది పెట్టాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూసి, కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ ఇవ్వాలి.

ఇంత జరిగినా ఇప్పుడు మన చేతిలో ఒక మందు ఉంది. 20 శాతం లిపిడ్ ఎమల్షన్, చూడటానికి పాలలా ఉండే కొవ్వు ద్రావణం. తిండి తినలేని రోగులకు రక్తనాళంలో ఎక్కించేది ఇదే. బుపివకెయిన్‌కు కొవ్వంటే ఇష్టం కాబట్టి గుండెను వదిలి ఈ కొవ్వులోకి పోతుంది. 1998లో ఎలుకల మీద గై వైన్‌బర్గ్ బృందం దీన్ని చూపించింది, 2006లో మనిషి ప్రాణం కాపాడినట్టు మొదటి రిపోర్టు వచ్చింది. మొదటి మోతాదు కిలోకు 1.5 మి.లీ. 60 కిలోల మనిషికి 90 మి.లీ., రెండు మూడు నిమిషాల్లో. ఆ తర్వాత సన్నగా ఎక్కిస్తూ, పక్కన ఆక్సిజన్, గుండె నొక్కడం ఆపకుండా. నరాలకు సూదులిచ్చే ప్రతి చిన్న నర్సింగ్ హోంలోనూ, మిర్యాలగూడలో అయినా, వనపర్తిలో అయినా, ఒక 250 మి.లీ. సీసా థియేటర్ లోపలే ఉండాలి. స్టోర్ రూంలో తాళం వేసి కాదు. ఎక్స్‌పైరీ తేదీ ఎవరు చూస్తున్నారో, రాత్రి డ్యూటీ సిస్టర్‌కు అది ఏ అరలో ఉందో తెలిసి ఉండాలి.